మొగలిలంకకు ముప్పై మీటర్లు

కెమెరా వచ్చిన రోజు సాయంత్రానికల్లా మొగలిలంక కోటిపేటకు ముప్పై మీటర్ల దగ్గరికి జరిగింది. ఆ రోజు పొద్దున వరకూ ఆ రెండు ఊళ్ళ మధ్య కిలోమీటరున్నర గోదావరి ఉండేది.

జరిపినవాడు ఈరంకి వామనరావు. జిల్లా దూర నిర్ధారణ కార్యాలయానికి ఉప సంచాలకుడు. ఏ ఊరికి బస్సు వెయ్యాలన్నా, బడి పెట్టాలన్నా, రేషన్ దుకాణం తెరవాలన్నా, ఆ ఊరు ఎక్కడికి ఎంత దూరమో ముందు ఈ కార్యాలయం ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రభుత్వం దృష్టిలో ఆ ఊరు దగ్గరా కాదు, దూరమూ కాదు. గాల్లో ఉన్నట్టు లెక్క.

గుబ్బల సత్యవేణి అక్కడ కొలతల ఇన్‌స్పెక్టరు. కొలత గొలుసు పట్టుకుని ఎండలో నడవడం ఆమె ఉద్యోగం. ఇల్లు మొగలిలంకలో. రోజూ పొద్దున్నే పంటు ఎక్కి కోటిపేట రేవులో దిగుతుంది. పంటు అంటే రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచినది. మనుషులు, పాలక్యాన్లు, మోటారు సైకిళ్ళు, ఒక్కోసారి గేదెలు, అన్నీ దాని మీదే. ప్రభుత్వం ఉచితంగా నడుపుతుంది. సత్యవేణి కూతురు కోటిపేట హైస్కూలుకి వచ్చేది దాని మీదే. మొగుడు పండించే వంకాయలు బజారుకి వచ్చేదీ దాని మీదే.

ఆ రోజు వామనరావు గదిలో సిబ్బందంతా గుమిగూడారు. ఆయన అట్టపెట్టె తెరిచి, థర్మాకోలు తీసి, సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉన్న నల్లటి వస్తువును బల్ల మీద పెట్టాడు.

"ఇంతేనా అండి?" అన్నాడు సూపరింటెండెంటు సుబ్బరాజు. "మా మేనల్లుడి పెళ్ళిలో ఫొటోలు తీసినోడి దగ్గర దీనికి తాత ఉందండి."

"సుబ్బరాజు గారూ, పెళ్ళి వేరు, పరిపాలన వేరు. ఇది కాంపాక్ట్ సూపర్ జూమ్. జేబులో పడుతుంది. యాభై రెట్లు దగ్గరికి తెస్తుంది. రాష్ట్ర కార్యాలయం వారు మన జిల్లాని ప్రయోగాత్మకంగా ఎంపిక చేశారు."

వామనరావు మీట నొక్కాడు. కెమెరా ముందు భాగం గుర్రుమంటూ బయటికి వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. తాబేలు మెడ చాపినట్టు అది తన వైపే వస్తుంటే సుబ్బరాజు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అందరూ డాబా ఎక్కారు. మొదట వామనరావు నీళ్ళ ట్యాంకు మీది కాకిని చూశాడు. తెర నిండా కాకి కన్ను. ఆ కన్ను తనని అనుమానంగా చూస్తున్నట్టు అనిపించి కెమెరాను పక్కకి తిప్పాడు. జూమ్ పూర్తిగా లాగితే బొమ్మ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఊపిరి బిగబట్టినా వణుకు ఆగలేదు. కింది నుంచి పాత ఫైళ్ళ కట్టలు తెప్పించి పిట్టగోడ మీద పేర్చి, వాటి మీద కెమెరా ఆనించాడు. అప్పుడు ఆగింది. పుట్టిన నాటి నుంచి ఆ ఫైళ్ళు ఒకరికి ఆసరాగా నిలవడం అదే మొదలు.

తరవాత కెమెరా గోదావరి వైపు తిరిగింది. అవతలి ఒడ్డున పంటు సరంగు ధర్మయ్య బీడీ ముట్టించుకుంటున్నాడు. నిప్పు కనిపించింది. పాలమ్మే మంగాయమ్మ గేదెను కడుగుతోంది. గేదె కొమ్ముకు రాసిన ఎర్రరంగు కనిపించింది.

"నువ్వూ చూడమ్మా, మీ ఊరే కదా," అన్నాడు వామనరావు.

సత్యవేణి చూసింది. తన పెరడు, తీగ మీద ఆరేసిన తన చీర, దాని అంచు. ఇంకాస్త పక్కకి జరిపితే అరుగు. పొద్దున నడుం పట్టేసింది, లేవలేనని మూలిగిన మొగుడు ఆ అరుగు మీద నిటారుగా కూర్చుని పేక పంచుతున్నాడు. ముక్కలు కూడా కనిపిస్తున్నాయి. చేతిలో జోకరుంది.

కెమెరా ఆమెకు తెగ నచ్చేసింది. ఆ నచ్చడం సరిగ్గా ఒక్క నిమిషం నిలిచింది.

"ఇంత దగ్గర్లో ఉందా మొగలిలంక?" అన్నాడు వామనరావు ఆలోచనగా. "మరి మనం ఏటా కిలోమీటరున్నర అని ఎందుకిస్తున్నాం?"

"మధ్యలో నీళ్ళున్నాయి కదా సర్."

"నీళ్ళు నాకూ కనిపిస్తున్నాయమ్మా. దూరమే కనిపించడం లేదు."

ఆయన సుబ్బరాజు వైపు చూశాడు. సుబ్బరాజు జేబులోంచి క్యాలిక్యులేటరు తీసి పదిహేను వందల్ని యాభైతో భాగించాడు. నమ్మకం చాలక ఇంకోసారి భాగించాడు. రెండుసార్లూ ముప్పయ్యే వచ్చింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఆధునిక దృక్సాధన వినియోగము ద్వారా దూరము యాభైయవ వంతునకు తగ్గిన కారణమున, ఇకమీదట క్షేత్రస్థాయి కొలతలు నిలుపుదల చేయుచు, సకల దూరములు సాధనము ద్వారా కనిపించు మేరకే నిర్ధారింపబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది." గొలుసుకు కొబ్బరినూనె రాసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తరవాత జిల్లా కుంచించుకుపోవడం మొదలైంది. రెండు బడులు ఒకదానికొకటి మరీ దగ్గరైపోయాయని ఒక దాన్ని మూసెయ్యమన్నారు. ఓ ఊరి బస్సును రద్దు చేశారు, బస్టాండు ఊరి నడిబొడ్డులోకి వచ్చేసింది కనుక. పొలంలో గడ్డివాము అంటుకుందని ఒక రైతు ఫోను చేస్తే, ధ్రువపత్రం ప్రకారం మంట నలభై అడుగుల్లో ఉందని తేల్చి, అగ్నిమాపక కేంద్రం వాళ్ళు వాకిట్లో నిలబడి గొట్టంతో అటువైపు నీళ్ళు పట్టారు. వాకిట్లో పూలమొక్కలు బాగా ఎదిగాయి. గడ్డివాము దానంతటదే ఆరిపోయింది. దూరం తగ్గబట్టే ఇంత త్వరగా ఆరిందని వామనరావు పైకి రాశాడు.

పైవాళ్ళు మురిసిపోయారు. 'దూర నివారణ' పురస్కారానికి కోటిపేట కార్యాలయం పేరు పరిశీలనలో ఉందని, బృందం వచ్చి చూస్తుందని కబురు వచ్చింది.

సరిగ్గా అప్పుడే మొగలిలంక పంటు గడువు దగ్గరపడింది. అర కిలోమీటరు దాటిన నీటికే ఉచిత పంటు అని నియమం. ఏటా దూరం కొలిచి పంటును పొడిగిస్తారు. ఈసారి వామనరావు దస్త్రం మీద ముప్పై మీటర్లని వేసి, పక్కన తన చేత్తో ఒక సూచన రాశాడు: "ఇంత స్వల్ప దూరమునకు పంటు అనవసరము. ప్రజలు కేక వేసి పని చక్కబెట్టుకొనవచ్చును."

సాయంత్రం పంటు మీద సత్యవేణి ఈ మాట చెప్పేసరికి ధర్మయ్య తెడ్డు వెయ్యడం ఆపేశాడు.

"ముప్పై మీటర్లా? నేను పొద్దున్నించీ ఎక్కడ తిరుగుతున్నానంటాడమ్మా మీ ఆఫీసరు?"

"కెమెరాలో అలాగే కనబడుతోంది బాబాయ్."

"పాలు కేకేసి అమ్ముకోమంటాడేటే?" అంది మంగాయమ్మ. "నేను ఇక్కణ్ణుంచి కేకేస్తే ఆళ్ళు గిన్నె పట్టుకుంటారా? ఆయనింటికీ నేనే పోత్తన్నాను పాలు. రేపట్నించి ఈ ఒడ్డునుంచి పోత్తానని చెప్పు."

"నవ్వులాట కాదు పిన్నీ. ఇంకో వారమే పంటు. ఆ తరవాత ఆనకట్ట మీంచి చుట్టు తిరిగి రావాలి. ఒక పూట ప్రయాణం. మా పిల్ల బడికెలా వెళ్తుంది, నేను ఉద్యోగానికి ఎలా వెళ్తాను?"

"నువ్వక్కడే కదే పని చేస్తన్నావు? నీ నోట్లో నాలుక లేదా?"

ఉంది. మర్నాడు పొద్దున్నే సత్యవేణి వామనరావు గదిలోకి వెళ్ళింది.

"సర్, పంటు తీసేస్తే నేను ఆఫీసుకి ఎలా రావాలి?"

"ముప్పై మీటర్లు నడవలేవా అమ్మా? మా ఇంట్లో పడగ్గది నుంచి వంటింటికి అంత ఉంటుంది."

"మునిగిపోతాను సర్."

"అది లోతు విషయం. లోతు మన శాఖ కాదు. దానికి వేరే వాళ్ళున్నారు, వాళ్ళకి రాసుకో."

ఇక లాభం లేదని ఆమె వెనుదిరిగింది. గుమ్మం దాటుతుండగా సుబ్బరాజు గొంతు వినిపించింది.

"ఇంకోటుందండి. నీటి దూరానికి రానూ పోనూ కొలత ఉండాలండి. మనం ఇటునుంచి చూశాం గానీ, అటునుంచి ఇటు చూడలేదండి. బృందం వాళ్ళు అడుగుతారేమోనండి."

ఇది ఆ కార్యాలయంలో గొలుసు నాటి ఆచారం. ఇటునుంచి అటు ఒకసారి, అటునుంచి ఇటు ఒకసారి కొలవాలి. రెండూ పక్కపక్కన రాయాలి. ఎందుకో ఎవరికీ తెలియదు, మానడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"ఇదిగో, సత్యవేణి అక్కడికే కదా వెళ్ళేది," అన్నాడు వామనరావు. "కెమెరా తీసుకెళ్ళు. రేపొస్తూ ఫొటో తీసుకురా. మెడలో వేసుకో, నీళ్ళలో పడేస్తావ్."

మర్నాడు లంక ఒడ్డున సత్యవేణి కెమెరా పట్టుకుని నిలబడింది. పక్కన ధర్మయ్య, మంగాయమ్మ. కోటిపేట వైపు గురిపెట్టి మీటను లాగింది. ఆఫీసు డాబా ముఖం మీదికి వచ్చేసింది. డాబా మీద ఆరేసిన సుబ్బరాజు గారి తువ్వాలు కూడా. ఈ ఫొటో తీసుకెళ్తే పంటు కథ ముగిసినట్టే.

"వెనక్కి తోసెయ్యవే దాన్ని, చిరాగ్గా ఉంది," అంది మంగాయమ్మ.

ఊరికే అన్న మాట. కానీ సత్యవేణి వేలు మీట రెండో వైపుకి వెళ్ళింది. కెమెరా మెడ లోపలికి ముడుచుకుంది. దాంతో ఆఫీసు పారిపోవడం మొదలుపెట్టింది. తువ్వాలు మాయమైంది, డాబా మాయమైంది, కొబ్బరిచెట్లు ఈనెపుల్లలయ్యాయి. తెర నిండా ఆకాశం, నీళ్ళు. మధ్యలో ఎక్కడో నువ్వుగింజంత చుక్క.

సత్యవేణి కెమెరా దించి కంటితో ఆఫీసు వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది. కంటికి కనిపించే దాంట్లో సగమే ఉంది.

"బాబాయ్," అంది నెమ్మదిగా, "సాధనం ద్వారా కనిపించు మేరకు అని రాశాడు గానీ, మీట ఎటు నొక్కాలో రాయలేదు."

"అయితే?"

"అయితే నొక్కుతున్నాను." నొక్కింది.

గంట తరవాత వామనరావు ఆ ఫొటోను కంప్యూటరు మీద చూస్తున్నాడు.

"మన ఆఫీసేదమ్మా?"

"ఆ చుక్క సర్."

"అది మురికి." జేబురుమాలు తీసి తుడిచాడు. పోలేదు.

"కంటికి కనిపించే దాంట్లో సగం ఉంది సర్. అంటే దూరం రెట్టింపు. లంక నుంచి మన ఆఫీసుకి మూడు కిలోమీటర్లు. రెండు దాటితే మారుమూల ప్రాంతం కింద వస్తుంది. పంటుకి మోటారు కూడా ఇవ్వాలి."

"ఇది తప్పుడు ఫొటో."

"సాధనం తప్పంటారా సర్?"

సాధనం తప్పయితే ఉత్తర్వు తప్పు. ఉత్తర్వు తప్పయితే జిల్లాలో దగ్గరికి వచ్చిన ఊళ్ళన్నీ మళ్ళీ ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి. వాటితోపాటు పురస్కారం కూడా వెళ్ళిపోతుంది. వామనరావు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్ళల్లో వెలుగుంది.

"రెండూ ఒప్పే," అన్నాడు. "ఇటునుంచి అటు ముప్పై మీటర్లు. అటునుంచి ఇటు మూడు కిలోమీటర్లు. రాసుకోండి సుబ్బరాజు గారూ."

"ఆయ్. మరి పంటండి?"

"లంక నుంచి రావడం మారుమూల ప్రయాణం. ప్రభుత్వం మోటారు పంటు నడుపుతుంది. లంకకు వెళ్ళడం ముప్పై మీటర్లు. దానికి ప్రభుత్వ సహాయం ఉండదు."

సుబ్బరాజు కలం ఆగింది. "అంటే పంటు ఇటు రావడమే గానీ అటు వెళ్ళదాండి? మరి మర్నాడు మళ్ళీ ఎలా వస్తుందండి?"

"అది అమలు విభాగం చూసుకోవాలి. మనది నిర్ధారణ."

వారం తిరక్కుండా మోటారు బిగించిన కొత్త పంటు లంక రేవుకి చేరింది. చెక్క మీద తెల్లరంగుతో 'మొగలిలంక రేవు, ప్రభుత్వ ఆస్తి' అని రాసుంది. అది మొదటిసారి కోటిపేటకి బయల్దేరిన రోజే, మర్నాడు పొద్దున్న పురస్కార బృందం వస్తుందని కూడా తెలిసింది.

లంకంతా పంటు ఎక్కింది. హైస్కూలు పిల్లలు, వంకాయ బుట్టలు, పాలక్యాన్లు, పశువుల ఆసుపత్రికి వెళ్ళాల్సిన మంగాయమ్మ గేదె. అందరూ దిగాక సత్యవేణి ధర్మయ్య చెవిలో ఒక మాట చెప్పింది. ఆయన నవ్వి, పంటును కోటిపేట రేవులో గుంజకి కట్టేసి, తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి జనం రేవుకి వచ్చారు.

"పద, బాబాయ్," అన్నారు ధర్మయ్యతో.

"నాకు ఇటు తేవడానికే ఉత్తర్వు. అటు తీసుకెళ్తే ఉద్యోగం పోద్ది. అటు ముప్పై మీటర్లేనంట, మీరే దాటెయ్యండి."

"దాటెయ్యడమేంటి?"

"నాకేం తెలుసు? దూరం ఆఫీసు ఉంది కదా, అడగండి."

అడగడానికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే వరండాలో కూర్చున్నారు. పిల్లలు పుస్తకాలు తీసి ఎక్కాలు మొదలుపెట్టారు. వంకాయలు మిగిలిపోయిన లంక రైతొకాయన అక్కడే బేరం పెట్టాడు. సుబ్బరాజు ఒక బుట్ట కొన్నాడు కూడా. మంగాయమ్మ గేదె నీడ వెతుక్కుని, వామనరావు జీపు ముందు అడ్డంగా కూర్చుని నెమరు వెయ్యసాగింది.

వామనరావు గదిలోంచి బయటికి వచ్చి వరండాను చూశాడు. జీపును చూశాడు. గేదెను చూశాడు. గేదె ఆయన్ని చూసింది, ట్యాంకు మీది కాకి చూసినట్టే.

"ఎవరు వీళ్ళంతా?"

"మా ఊరివాళ్ళు సర్," అంది సత్యవేణి తన కుర్చీలోంచి లేవకుండా. "మారుమూల ప్రాంతం నుంచి వచ్చారు."

"నువ్వింకా ఇంటికి వెళ్ళలేదేం?"

"ముప్పై మీటర్లే కదా సర్, తొందరేముంది?"

"బాబూ, ఆఫీసరు బాబూ," అంది మంగాయమ్మ, "రాత్రికి ఇక్కడే ఉంటాం గానీ గేదెకి కుడితి ఎక్కడ పెట్టమంటారు? మీ ఇంటికి పాలు పోసే గేదె ఇదే. ఆకలితో ఉంటే రేపు మీకు కాఫీ ఉండదు."

వామనరావు లోపలికి వచ్చి కూర్చున్నాడు. సత్యవేణినీ సుబ్బరాజునీ పిలిచి తలుపు వేశాడు.

"పొద్దున్న బృందం వచ్చేసరికి వరండా ఖాళీగా ఉండాలి."

"పంటు పంపించేద్దామండి," అన్నాడు సుబ్బరాజు.

"ఎలా పంపిస్తాం? ప్రజల్ని లంకకి పంటులో పంపితే అది దూరం అని మనమే ఒప్పుకున్నట్టు. పురస్కారం ఇచ్చేదే దూరం లేదని."

బయట పిల్లలు పన్నెండో ఎక్కానికి వచ్చారు.

"సర్, పంటు మీద ఏం రాసుంది?" అంది సత్యవేణి.

"ఏముంది, ప్రభుత్వ ఆస్తి అని."

"మొగలిలంక రేవు, ప్రభుత్వ ఆస్తి. లంక రేవు ఆస్తి కోటిపేట రేవులో ఉండకూడదు కదా సర్. వాపసు చెయ్యాలి. ఆస్తి వాపసుకి దూరంతో పనేముంది? గజమైనా వాపసే, ఆమడైనా వాపసే."

వామనరావు మెల్లగా తలెత్తాడు. "ఖాళీ పంటు వాపసు."

"రోజూ సాయంత్రం సర్. నాలుగింటికి, బడి వదిలాక."

"మరి వీళ్ళు?"

"వీళ్ళ సంగతి ఉత్తర్వులో ఎక్కడుంది సర్? ఉంటే కదా ఆపడానికి."

వామనరావు కిటికీలోంచి గేదెను చూశాడు.

"ఖాళీగా వెళ్ళినట్టు రుజువుండాలి. సాధనం ద్వారా. ఫొటో లేనిదే వాపసు చెల్లదు."

"తీస్తాను సర్," అంది సత్యవేణి.

రేవులో పంటు నిండిపోయింది. కాలు పెట్టే చోటు లేదు. గేదెను మధ్యలో నిలబెట్టి చుట్టూ పిల్లలు నిలబడ్డారు. వంకాయలాయన ఖాళీ బుట్ట నెత్తిన బోర్లించుకున్నాడు. ధర్మయ్య మోటారు తిప్పాడు. వామనరావు రేవు మెట్ల మీద, నదికి వీపు చేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

సత్యవేణి కెమెరా తీసింది. దాని మెడ గుర్రుమంటూ పూర్తిగా చాచుకుంది. పంటు ముందు కొసకి గురిపెట్టి, అంచు కర్ర తప్ప ఇంకేదీ పట్టనంత వరకూ లాగింది. బొమ్మ వణుకుతుంటే సుబ్బరాజు భుజం మీద ఆనించింది. తెరలో తడిసిన కర్ర, దాని మీద ఒక మేకు, ఒక తూనీగ. ఎడమ పక్క నుంచి ఎవరిదో మోచెయ్యి రాబోయింది. ఇంకొంచెం లాగింది. మోచెయ్యి పోయింది. నొక్కింది.

"చూడండి సర్."

వామనరావు తెరను దగ్గరికి పెట్టుకుని చూశాడు. ఆయన వీపు వెనక ఊరంత జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ గోల చేస్తున్నారు.

"ఖాళీగానే ఉంది," అన్నాడు తృప్తిగా.

"ఒసే సత్తివేణీ," అని మంగాయమ్మ అరిచింది ఆ ఖాళీ పంటు మీంచి, "ఎక్కుతావా, మీ ఆయన్ని వంట చేసుకోమని చెప్పమంటావా?"

సత్యవేణి కెమెరాను సుబ్బరాజు మెడలో వేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పంటు మీదికి దూకింది.

పురస్కారం వచ్చింది. ఇప్పుడది వామనరావు గదిలో గోడకి వేలాడుతోంది. మూసిన బడి, రద్దయిన బస్సు కూడా ఒకటొకటిగా తిరిగొస్తున్నాయి. ఆ ఊళ్ళవాళ్ళు కూడా కెమెరా మీటకి రెండో వైపుందని తెలుసుకున్నారు మరి. మొగలిలంకలో సత్యవేణి మొగుడి నడుంనొప్పి పూర్తిగా నయమైంది. ఆఫీసు డాబా అతనికి అరుగు మీది నుంచి కనిపిస్తుంది. తను అక్కణ్ణుంచి ఎంత బాగా కనిపిస్తాడో పెళ్ళాం చెప్పింది. చేతిలో జోకరున్న సంగతితో సహా చెప్పింది.

రోజూ సాయంత్రం నాలుగింటికి వామనరావు డాబా ఎక్కి, ఫైళ్ళ కట్టల మీద కెమెరా ఆనించి, లంకకు వెళ్తున్న పంటును యాభై రెట్లు దగ్గరికి తెచ్చుకుని చూస్తాడు. కర్ర కనిపిస్తుంది, మేకు కనిపిస్తుంది. ఒకసారి గేదె చెవి కనిపిస్తే, ఇంకాస్త లాగి అది లేకుండా చేశాడు. పంటు మీద జనం ఉన్నారో లేదో తెలియాలంటే కెమెరా దించి మామూలు కళ్ళతో చూడాలి. దానికి ఉత్తర్వులో వీలు లేదు.